కెరటం దాటించిన వాళ్ళు

బొబ్బిలి అనగానే ఎవరైనా యుద్ధం గురించే అడుగుతారు. 1757 జనవరి 24, బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు, మల్లమ్మదేవి. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నేనూ కోట చూసి, స్తంభం చూసి, ఇంతే మా ఊరి చరిత్ర అనుకున్నాను. ఇవాళ చెప్పబోయేదాంట్లో కత్తులూ లేవు, కోటలూ లేవు. ఉన్నవి ఉప్పునీళ్ళు, కొబ్బరిపీచు తాడు, మా అమ్మాయి మొండితనం.

ఇంటర్ పరీక్షలు అయిన మర్నాడే అది తన కోరిక చెప్పింది. విశాఖపట్నం వెళ్ళి సర్ఫింగ్ నేర్చుకోవాలిట. అంటే బల్ల మీద పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి వెళ్ళి, కెరటం వచ్చేసరికి దాని మీద లేచి నిలబడి ఒడ్డుదాకా రావడం. మా అత్తగారు వింటూనే "సరుపో గిరుపో, సముద్రంతోటి ఆటలేటే" అన్నారు. ఆవిడ లెక్కలో సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకోకూడదు. శివరాత్రి జాగారం మర్నాడు, మాఘ పౌర్ణమికి, గ్రహణాలకి మునగాలి, దణ్ణం పెట్టుకోవాలి, వచ్చేయాలి. మా ఆడపడుచు ఫోన్‌లో ఇంకోటి తగిలించింది: "మే నెల ఎండలో ఉప్పునీళ్ళలో నానితే పిల్ల నల్లబడిపోతుంది వదినా, రేప్పొద్దున్న సంబంధాలు చూడొద్దా?" పదిహేడేళ్ళ పిల్లకి సంబంధాలేమిటని నేనడిగితే, రంగు పోవడం తేలిక, రావడం కష్టం అంది.

నా భయం రంగు గురించి కాదు. మా వీధిలోనే ఒకరి అబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతూ, స్నేహితులతో సముద్రానికి పిక్నిక్‌కి వెళ్ళి తిరిగి రాలేదు. ఈత వచ్చిన పిల్లాడే. వాళ్ళమ్మ ఇప్పటికీ పౌర్ణమికి ఎవరైనా సముద్రస్నానం మాటెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోతుంది. మా జిల్లాల్లో ప్రతి వేసవికీ పేపర్లో ఇలాంటి వార్త ఒకటి ఉంటుంది. అందుకని వెంటనే సరేననలేదు, కుదరదనీ అనలేదు. వెళ్దాం కానీ నేనూ వస్తాను, నేర్పేవాళ్ళతో ముందు నేను మాట్లాడతాను అన్నాను.

మే నెల రెండో ఆదివారం సాయంత్రం ఆర్.కె. బీచ్ చూసినవాళ్ళకి జాతర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళేందుకు ఒక క్యూ, మురీ మిక్చర్ బండి దగ్గర ఒక క్యూ. ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, గుర్రాలు, బుడగలు. మోకాళ్ళదాకా చీరలెత్తి పట్టుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ఆడవాళ్ళు, అలొచ్చినప్పుడల్లా ఒక్కసారిగా కేక. ఇసుక కనబడదు, తలకాయలే. ఈ గుంపులో బల్ల వేసుకుని ఎవరైనా నిలబడగలరా అనిపించింది. నిలబడలేరు కూడా. అందుకే నేర్పేవాళ్ళు తెల్లవారి ఆరింటికి రమ్మంటారు, అదీ రుషికొండ వైపు. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్ అది. అక్కడా ఎనిమిది దాటితే జనమే.

మాకు నేర్పిన కుర్రాడికి ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్ళుంటాయి. జాలరిపేట పిల్లాడు, తండ్రి ఇప్పటికీ వేటకి వెళ్తాడు. బల్ల ముట్టనివ్వలేదు, ముందు ఒక అరగంట ఊరికే నిలబెట్టి సముద్రం చూడమన్నాడు. "కెరటాలు లెక్కెట్టండమ్మా" అన్నాడు. తర్వాత వేలు పెట్టి ఒక చోటు చూపించాడు. అటూ ఇటూ తెల్లగా నురగ విరుగుతోంది, మధ్యలో ఒక పాయ మాత్రం ముదురు రంగులో, అల లేకుండా, చెరువులా ఉంది. నేనైతే స్నానానికి ఆ చోటే చూసుకునేదాన్ని. "అక్కడే లాగేస్తాదమ్మా. మంచిగున్నట్టు కనిపిస్తాది, జనాలు అందులోకే దిగుతారు" అన్నాడు.

ఇది ప్రతి తల్లీ తెలుసుకోవలసిన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా. అవి అంతటా సమానంగా పోవు. ఇసుక తిన్నెల మధ్య పల్లం ఎక్కడ దొరికితే అక్కడ ఒక కాలవలా చేరి జోరుగా లోపలికి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. మనిషి కంగారుపడి ఒడ్డు వైపు ఎదురీది, అలిసిపోయి మునుగుతాడు. ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదితే ఆ కాలవ వెడల్పు దాటేస్తాం, అక్కడినుంచి కెరటాలే ఒడ్డుకి తోస్తాయి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. మా వీధి పిల్లాడికి ఈ నాలుగు మాటలు ఎవరూ చెప్పలేదు. అలల ఎత్తు గురించి ముందుగా హెచ్చరించే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచీ మన హైదరాబాద్‌లోనే ఉంది. టీవీలో ఆ హెచ్చరిక వచ్చినప్పుడు అది జాలర్లకే కాదు, పిక్నిక్ వాళ్ళకీ అని మనం అనుకోం.

ఈ చదువంతా ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని అడిగాను. సర్ఫింగ్ కోర్సులో కొంత నేర్పారుట. "కెరటం చూడడం మాత్రం మా తాత నేర్పాడమ్మా, తెప్ప మీద" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి పాత పుస్తకాలు వెతికాను. అక్కడే నాకు మా బొబ్బిలి కనబడింది.

విశాఖపట్నానికి హార్బరు వచ్చింది 1933లో. ఆ అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. మరి అంతకుముందు? ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసుకుని ఉండేవి. విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, మద్రాసు, అన్నిచోట్లా ఇంతే. ఓడకీ ఒడ్డుకీ మధ్య విరిగే కెరటాల వరసలు. దొరల పడవలు ఆ వరసలు దాటలేకపోయేవి. మేకులు కొట్టి బిగించిన గట్టి పడవ ఇసుకకి కొట్టుకుంటే పగిలిపోయేది. దాటగలిగింది మనవాళ్ళ కుట్టు పడవ ఒక్కటే.

కుట్టు పడవ అంటే నిజంగానే కుట్టింది. పలకల అంచులకి కంతలు పెట్టి, సందుల్లో గడ్డి కూరి, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. లోపల అడ్డు ఎముకల్లాంటి చట్రం ఉండదు, మేకు ఉండదు. ఇది చదివినప్పుడు నాకు అడ్డాకు విస్తరి గుర్తొచ్చింది. పార్వతీపురం వైపునుంచి మా సంతకి వస్తాయి చూడండి, ఈనుపుల్లలతో కుట్టినవి. వేడి అన్నం, పప్పు, పులుసు ఎంత బరువు పెట్టినా వంగుతుంది కానీ విరగదు. ఆ పడవా అంతే. కెరటం విసిరి ఇసుక మీద కొడితే ఒళ్ళంతా ఒకసారి వంగి, దెబ్బ మింగేసి, మళ్ళీ మామూలయ్యేది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని మసూలా బోటు అన్నారు. మచిలీపట్నం పేరుమీదే ఆ పేరు వచ్చిందని కొందరంటారు. మన తీరంలో దాన్ని పడవ అనే పిలిచారు.

దాన్ని నడపడం ఎలా ఉండేదో ఆనాటి ప్రయాణికులు చాలామంది రాసుకున్నారు. ఎనిమిది మందో, పదిమందో తెడ్లు వేస్తుంటే వెనక ఒకడు పెద్ద తెడ్డు పట్టుకుని నిలబడతాడు. పడవ కెరటాల వరసకి ఇవతల ఆగుతుంది. అతను వెనక్కి తిరిగి చూస్తూ ఉంటాడు. ఒక కెరటాన్ని వదిలేస్తాడు, ఇంకోదాన్ని వదిలేస్తాడు, మూడోది వస్తుంటే కేక వేస్తాడు. అందరూ ఒక్క ఊపున తెడ్లు వేసి ఆ కెరటం వీపు మీదికి ఎక్కి, దానితోబాటే ఒడ్డుకి వచ్చి పడతారు. మా అమ్మాయికి ఆ కుర్రాడు ఇసుక మీద బోర్లా పడుకోబెట్టి నేర్పింది సరిగ్గా ఇదే. ఏ కెరటం ఎక్కాలో కన్నా ఏది వదలాలో ముందు తెలియాలన్నాడు.

పడవకి తోడుగా తెప్పలు వెళ్ళేవి. తమిళం వాళ్ళ కట్టుమరం, అంటే కట్టిన కర్రలు, మన తెప్ప. నాలుగు దుంగలే. ఎవరైనా నీళ్ళలో పడితే తెప్ప మీది మనిషి దూకి తీసుకొచ్చేవాడు. మద్రాసులో అలా ప్రాణాలు కాపాడినవాళ్ళకి కంపెనీ పతకాలు ఇచ్చేది. తాటాకు టోపీల్లో ఉత్తరాలు తడవకుండా దోపుకుని ఓడలకి చేరవేసేదీ వాళ్ళే. సముద్రం బాగాలేని రోజున ఒడ్డున జెండా ఎగరేసేవారు, పడవలు దిగకూడదని. ఇప్పుడు బీచిలో ఎర్రజెండా పాతితే మనం దాని పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకుంటున్నాం.

దొరసానుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, లేదంటే చేతుల మీద ఎత్తి, నీళ్ళలోంచి పొడి ఇసుకమీదికి దింపేవారు. ఆ ప్రయాణం ఎంత భయంకరంగా ఉందో ఆవిడలు పేజీలకి పేజీలు రాసుకున్నారు. తెడ్డు పట్టినవాడి పేరు మాత్రం ఒక్కరూ రాయలేదు. ఏ దొర ఏ ఓడలో ఏ తేదీన దిగాడో అన్నీ ఉన్నాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఇందులో మీ ఊరేదీ అంటారా? రైలు రాకముందు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం సరుకంతా బళ్ళ మీద విజయనగరం మీదుగా భీమిలి పోయేది. నువ్వులు, బెల్లం, నీలిమందు, కొండల్లోంచి దిగిన కరక్కాయలు, గోగునార. గోగునారకి ఇంగ్లీషులో పేరే 'బిమ్లీ జూట్', అంటే భీమిలి జనుము. పొలం మాది, పేరు రేవుది. ఆ బళ్ళ సరుకు ప్రతి మూటా ఆ కుట్టు పడవల్లో కెరటాలు దాటి ఓడెక్కింది. భీమిలి అప్పట్లో చిన్న ఊరు కాదు. డచ్చివాళ్ళు 1825దాకా అక్కడ ఉన్నారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయింది.

తర్వాత రైలు వచ్చింది, భీమిలికి కాకుండా లోపలినుంచి వాల్తేరుకి పోయింది. విజయనగరం నుంచి పార్వతీపురం లైను 1908, 09 ప్రాంతంలో పడింది. బొబ్బిలి నుంచి సాలూరుకి 1913లో. ఆ లైను రాయపూరుదాకా కలిసింది 1931లో, అంటే హార్బరుకి రెండేళ్ళ ముందు. అవతలి రాష్ట్రాల ఖనిజాలు, ధాన్యం నేరుగా విశాఖ రేవుకి చేరడానికే అది. మా స్టేషన్‌లో నిలబడితే ఇప్పటికీ గూడ్సులే గూడ్సులు. మా ఊరికి రైలు తెచ్చిన ఏర్పాటే పడవవాళ్ళ పని తీసేసింది. ఓడ గట్టుకి వచ్చి ఆనుకుంటే కెరటం దాటించేవాడితో ఏం పని? ఒడ్డు నుంచి లాగే పెద్దవల వెయ్యడానికి మాత్రం కుట్టు పడవ కొన్నాళ్ళు మిగిలింది. 1980ల నుంచి ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చాక అదీ పోయింది.

హార్బరు ఇంకోటి కూడా చేసింది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవుకి కెరటాలు కొట్టకుండా మొదట్లో రెండు పాత ఓడల్ని ముంచి అడ్డం పెట్టారు, 1970ల్లో ఔటర్ హార్బరుకి పెద్ద రాతి గోడలు కట్టారు. ఇసుక అక్కడే ఆగిపోయి, ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్ కోసుకుపోతోంది. రేవులో తవ్విన ఇసుకని మళ్ళీ పంపుల్తో తెచ్చి బీచిలో పోస్తారు. మనం ఆదివారం పూట కూర్చుని మిక్చర్ తినే ఇసుకలో కొంత అలా తెచ్చి పోసిందే.

ఇక సర్ఫింగ్. అది పుట్టింది పసిఫిక్ దీవుల్లో. 1779లో కెప్టెన్ కుక్ హవాయిలో చనిపోయాక, ఆయన ఓడలోని లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ అక్కడివాళ్ళు బల్లలమీద కెరటాలెక్కడం చూసి ఆశ్చర్యపోయి రాశాడు. హవాయిలో రాణులు, మామూలు ఆడవాళ్ళు, పిల్లలు అందరూ ఎక్కేవారు. 1820లో మిషనరీలు వచ్చి ఆడామగా కలిసి అరకొర బట్టలతో ఈ ఆటలేమిటన్నారు. అది చదివి మా అత్తగారిని తలుచుకుని నవ్వుకున్నాను. అంతరించిపోతుందనుకున్న ఆట ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ లేచింది. డ్యూక్ కహనమోకు అనే హవాయి ఈతగాడు ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు, 1915లో, ఇసబెల్ లెథమ్ అనే పదిహేనేళ్ళ అమ్మాయిని తన బల్ల మీద ఎక్కించుకుని కెరటం దింపాడు. డిటెక్టివ్ నవలలు రాసిన అగాథా క్రిస్టీ 1922లో భర్తతో ప్రపంచయాత్రకి వెళ్ళి దక్షిణాఫ్రికాలోనూ, హవాయిలోనూ సర్ఫింగ్ నేర్చుకుంది. అప్పటికి ఆవిడకి మూడేళ్ళ కూతురు. ఈ సంగతి మా ఆడపడుచుకి చెప్పాను.

మన దేశంలో సర్ఫింగ్‌కి ఒక క్లబ్బంటూ వచ్చింది 2004లో, కర్ణాటకలో మూల్కి దగ్గర. మణిపాల్‌లో చదువుకుంటూ 2007లో మొదలుపెట్టిన ఇషితా మాలవీయని దేశంలో మొదటి మహిళా సర్ఫర్ అంటారు. 2011లో ఫెడరేషన్ ఏర్పడింది. చెన్నై దగ్గర కోవళంలో మూర్తి అనే జాలరి తను నేర్చుకుని, పేటలోని పిల్లలకి నేర్పి, ఊరిని సర్ఫింగ్ ఊరు చేశాడు. మహాబలిపురంలో చేపలమ్ముకునే ఇంటి పిల్ల కమలి మీద డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇది పోటీ అయింది. ఈ పేర్లు చూస్తుంటే ఒకటి తెలుస్తుంది. ఈ ఆట ఎక్కడ నిలబడిందో అక్కడ జాలరి పిల్లలే దాన్ని నిలబెట్టారు. వాళ్ళకి కెరటం కొత్త కాదు, బల్ల కొత్త.

అయితే జాలరి ఆడవాళ్ళు వేటకి వెళ్ళరు. చేప ఒడ్డుకి వచ్చాక వేలం, గంప, బజారు, అప్పు, వడ్డీ, అన్నీ వాళ్ళవే. నీళ్ళు మాత్రం మగవాళ్ళవి. మా కుర్రాడి చెల్లెలు కూడా ఇప్పుడు బల్ల ఎక్కుతోందిట. మొదట పేటలో గొడవైందన్నాడు. "మా యమ్మే ఒప్పుకోలేదమ్మా. ఇప్పుడు పొద్దున్నే అదే లేపి పంపిస్తంది" అన్నాడు.

మా అమ్మాయి మూడు రోజులు పడుతూనే ఉంది. ముక్కులో ఉప్పునీళ్ళు, మోకాలికి గీత, జుట్టు నిండా ఇసుక. కాలికి కట్టిన తాడు వల్ల బల్ల ఎక్కడికీ పోదు, పిల్ల నడుంలోతు దాటి వెళ్ళదు, పక్కన మనిషి ఉంటాడు. అవి చూశాక నా గుండె కాస్త కుదుటపడింది. నాలుగో రోజు నిలబడింది. మూడు సెకన్లో, నాలుగో. నేను ఒడ్డున చున్నీలూ చెప్పులూ కాపలా కాస్తూ కేక వేశాను. పక్కన స్నానం చేస్తున్న ఎవరో ఆవిడ ఏమైందమ్మా అని కంగారుగా పరిగెత్తుకొచ్చింది.

తిరుగు ప్రయాణంలో భీమిలి మీదుగా రమ్మని డ్రైవర్‌కి చెప్పాను. పాత లైట్‌హౌస్, డచ్చి సమాధులు చూశాం. సమాధుల మీద పేర్లు, తేదీలు చెక్కి ఉన్నాయి, అమ్మాయి ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన్ని కుట్టు పడవలు చూశారా అని అడిగాను. చిన్నప్పుడు ఎక్కానన్నాడు. వెనక తెడ్డు ఎవరు పట్టేవారంటే, తన తాత, ఆయన ముందు ఆయన నాన్న అన్నాడు. పేర్లడిగాను. రెండూ చెప్పాడు. అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది.